మేస్త్రి చేతికి కాలని నీళ్ళు

ఆ లాండ్రీలో నీళ్ళు కాలుతున్నాయో లేదో చెప్పే అధికారం మేస్త్రి ఒక్కడిదే. పొగలు కక్కే తొట్టిది కాదు. అందులో చేతులు పెట్టే ఆడవాళ్ళది అసలే కాదు. అతను చొక్కా చేతిని మోచెయ్యి పైకి మడిచి, కుడిచెయ్యి తొట్టిలో ముంచి, ఎటో చూస్తూ కాసేపు ఉంచి, "తియ్యండి" అనేవాడు. ఆ మాట తర్వాత ఎవరి చెయ్యి కాలినా అది వాళ్ళ సుకుమారం.

ఆసుపత్రి బట్టలు ఉతికే లాండ్రీ అది. రోగుల దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు ముందు చల్లనీళ్ళలో జాడించి, తర్వాత సబ్బూ సోడా వేసిన సిమెంటు తొట్లలో మరిగిస్తారు. మరిగాక చల్లనీళ్ళ వాల్వు తిప్పి తొట్టి చల్లారనివ్వాలి. చల్లారాక ఆడవాళ్ళు చేతులు పెట్టి ఒక్కో దుప్పటినీ లాగి పిండే యంత్రానికి అందిస్తారు. కర్రలతో లాగితే గుడ్డ చిరుగుతోందని మేనేజరు కర్రలు తీయించేశాడు. రబ్బరు తొడుగులు ఇచ్చారు గానీ, వేడినీళ్ళు వాటిలోకి ఒకసారి దిగితే బయటికి పోయే దారి లేక చెయ్యి లోపలే ఉడికేది. కాబట్టి మిగిలిన ప్రశ్న ఒకటే. ఎంత చల్లారితే చాలు? చేతులు ఎంత త్వరగా దిగితే అంత త్వరగా ఇంకో తొట్టెడు బట్టలు పడతాయి. వాల్వు తాళంచెవి మేస్త్రి మొలకి వేలాడేది.

అందుకే అతన్ని చెయ్యి మేస్త్రి అనేవాళ్ళు. అది పొగడ్త అని అతని నమ్మకం.

వయసులో ఉన్నప్పుడు అదే లాండ్రీలో మూటలు మోసేవాడు. ఒకరోజు తొట్టి దగ్గర మగవాళ్ళు పందెం వేసుకున్నారు, ఎవరి చెయ్యి ఎక్కువసేపు ఉంటుందో చూద్దామని. మిగతావాళ్ళు అబ్బా అంటూ లాక్కుంటుంటే ఇతను ఈల వేస్తూ నిలబడ్డాడట. అప్పటి మేనేజరు అటుగా వెళుతూ చూశాడు. మేస్త్రి కావడానికి అంతకంటే అర్హత అక్కర్లేకపోయింది. ఒక మనిషి ఓర్చుకోవడం వేరు, నీళ్ళు చల్లగా ఉండటం వేరు అన్న ముక్క మేనేజరుకి తెలియక కాదు. తెలియనట్టు ఉండటంలో లాభముంది. యంత్రం పెడితే అది ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. మనిషి చెయ్యి అయితే జీతం ఎక్కణ్ణుంచి వస్తోందో గుర్తుపెట్టుకుంటుంది.

పదవి వచ్చాక ఆ చెయ్యి తొట్టి దగ్గర ఆగలేదు. బ్లీచింగు వాసనకి తల తిరుగుతోందని ఎవరైనా అంటే గాలి పీల్చి చూసేవాడు. "నాకు రావట్లేదే," అనేవాడు. వాసన ఆ క్షణం నుంచి లేనట్టే. ఇంట్లో కూర అతని నోటికి సరిపోతే కంచంలో ఇంకెవరూ ఉప్పు కలుపుకోకూడదు. కొడుకు చిన్నప్పుడు బడిలో బోర్డు కనబడటం లేదన్నాడు. తండ్రి స్వయంగా బడికి వెళ్ళి, చివరి బల్ల మీద కూర్చుని, బోర్డు మీద రాసింది గడగడా చదివి, "నాకు శుభ్రంగా కనబడుతోంది. వీడివి దొంగ వేషాలు," అని పిల్లలందరి ముందూ తేల్చి వచ్చాడు. కళ్ళజోడు రావడానికి ఆ పిల్లాడు ఒక తరగతి తప్పాల్సి వచ్చింది. ఇప్పుడా కొడుకు సీసా అడుగంత మందం అద్దాలు పెట్టుకుని లాండ్రీ వ్యాను నడుపుతున్నాడు. తండ్రి మాత్రం ఇప్పటికీ వాడికి చూపు బాగానే ఉండేదనీ, అద్దాలు పెట్టే పాడు చేశారనీ అంటాడు.

ఇంట్లో స్నానాలకీ అదే పద్ధతి. పొద్దున్నే పెద్ద గిన్నెలో కాచిన నీళ్ళు బకెట్లో పోసి భార్య వరండాలో పెట్టాలి. అతను వచ్చి చెయ్యి ముంచాలి. "సరే, పోసుకోండి," అనాలి. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు మొదటి రోజు ఆ మాట నమ్మి చెంబు ఎత్తింది. అత్త గభాలున ఆ చెయ్యి పట్టుకుంది. మావయ్య చెప్పుల చప్పుడు గేటు దాటేదాకా ఆగి, పక్కనున్న తొట్టెలోంచి నిండా రెండు చెంబులు చల్లనీళ్ళు తీసి బకెట్లో గుమ్మరించింది.

"ముందు ఆయన చెయ్యి, తర్వాత నా చెంబు. అదీ ఈ ఇంటి లెక్క," అంది.

"మావయ్యకి చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"చెప్పి?"

మేస్త్రి స్నానానికి కూడా, అతను తువ్వాలు కోసం లోపలికి వెళ్ళిన సందులో, అత్త అలాగే కలిపేది. తను ఓర్చుకున్నంత వేడి ఎవరూ ఓర్చుకోలేరని ఊరంతా చెప్పుకు తిరిగే ఆ మనిషి, పెళ్ళయినప్పటి నుంచీ పెళ్ళాం చల్లార్చిన నీళ్ళే పోసుకుంటున్నాడు. ఆ సంగతి తెలియనిది ఇంట్లో అతనొక్కడికే.

కోడలు కూడా లాండ్రీలోనే చేరింది. మేస్త్రిగారి కోడలు కాబట్టి మడతల బల్ల దగ్గర కూర్చోబెడతారనుకున్నారు అందరూ. అతను ఆమెని మొదటి తొట్టికి వేశాడు. బాయిలరుకి దగ్గరిది అదే, అన్నిటికంటే వేడిది. "నా ఇంటి మనిషని నేను పక్షపాతం చూపను," అని మేనేజరు వినేలా అన్నాడు. తన న్యాయబుద్ధికి ఖర్చయ్యే తోలు ఇంకొకరిది అయినప్పుడు న్యాయంగా ఉండటం చాలా సులువు.

ఏడాది తిరిగేసరికి ఆమె వేళ్ళ చివర్లు పగిలాయి. అరచేతుల మీద పొరలు లేచాయి. చంటిపిల్ల చొక్కా గుండీ పెట్టబోతే వేళ్ళలోంచి నెత్తురు వచ్చి గుడ్డకి అంటేది. పిల్ల ఏడిస్తే ఎత్తుకునేది గానీ నిమరేది కాదు. ఆ చేతులు గీరుకుంటాయని భయం. మడతల బల్లకి మార్చమని మావయ్యని అడిగింది. అతను తన చెయ్యి చాచి చూపించాడు. నున్నగా, ఎర్రగా, గీతలు అరిగిపోయిన చెయ్యి.

"ఇదీ అదే నీళ్ళలో మునుగుతోంది. ఏమైంది దీనికి?"

"మీకు మంట తెలియట్లేదు మావయ్యా."

"మంట లేదు కనక తెలియట్లేదు," అన్నాడు. ఆ మనిషి నేర్చుకున్న తత్వమంతా ఆ వాక్యంలోనే ఉంది. దాన్ని దాటి ఒక్క అడుగు కూడా వెయ్యలేదు.

ఇక్కడ నిజం ఒకటి ఒప్పుకోవాలి. పాపమంతా అతనిది మాత్రమే కాదు. ఆడవాళ్ళు కూడా ఆ చెయ్యిని చూసి మురిశారు. పిండే యంత్రం దగ్గర ఉండే పెద్దక్కకి, మేస్త్రి తర్వాత అంత గట్టి చెయ్యి తనదేనని గర్వం. కొత్తగా వచ్చినవాళ్ళు అబ్బా అంటే నవ్వేది. "పెళ్ళికూతురి చేతులమ్మా ఇవి, గాజుల కొట్లో పెట్టుకో," అనేది. "రెండు నెలలు ఓర్చుకో, నీ చెయ్యీ చెక్కవుతుంది." చెయ్యి చెక్క కావడమే పని నేర్చుకోవడం అనుకున్నారు వాళ్ళు. కాలిందని చెప్పుకోవడం సిగ్గయిపోయింది. ఆ సిగ్గే మేనేజరుకి ఊరికే వచ్చిన ఇంకో మేస్త్రి.

ఆ మధ్య రెండో తొట్టి దగ్గర ఒకామెకి మణికట్టు దాకా తోలు ఊడింది. ఆ రోజు అందరూ పని ఆపారు. "చెయ్యి కాదు, థర్మామీటరు పెట్టండి," అని పట్టుబట్టింది కోడలే. మేనేజరు అట్టే బెట్టు చెయ్యకుండా ఒప్పుకున్నాడు. ప్రతి తొట్టికీ గాజుగొట్టం బిగించారు. పాదరసం ఎర్రగీత కిందికి దిగితే గానీ చేతులు పెట్టక్కర్లేదని నోటీసు అంటించారు. ఇక మనుషుల ఇష్టాయిష్టాలతో పని లేదు, అంతా శాస్త్రమే అన్నాడు మేనేజరు. గెలిచామని పెద్దక్క అందరికీ టీ తెప్పించింది.

మర్నాడు పాదరసం గీత కిందికి దిగింది. కోడలు చెయ్యి పెట్టింది. నీళ్ళు నిన్నటిలాగే కాలాయి.

గీత ఎలా గీశారో వ్యానులో ఇంటికి వస్తూ మొగుడు చెప్పాడు. తండ్రి కోసం ఆగి అంతా చూశాడట. గొట్టాలు బిగించిన సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక మేనేజరు మేస్త్రిని పిలిచి తొట్టిలో చెయ్యి పెట్టించాడు. మేస్త్రి ఎటో చూస్తూ నిలబడి "సరే" అన్నాడు. అప్పుడు పాదరసం ఎక్కడుందో అక్కడ ఎర్రపెయింటు పూశారు. గాజుగొట్టం కొత్తది. దానిలోపల ఉన్నది ఆ పాత చెయ్యే. పైగా ఇప్పుడు దాంతో దెబ్బలాడటానికి కూడా లేదు. చేతినైతే నీకు బుద్ధి లేదని తిట్టొచ్చు, అంకెని ఏమని తిడతాం?

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది.

"నాన్న ఎదురుగా నేనెప్పుడు నోరెత్తాను?" అన్నాడు మొగుడు, అద్దాలు తుడుచుకుంటూ.

అత్త చెల్లెలికి కాలు విరిగింది. చూసుకోవడానికి అత్త వెళ్ళింది. వెళ్ళేముందు నీళ్ళు చల్లార్చే పని కోడలికి అప్పగించింది గానీ, పొద్దున షిఫ్టు ఉన్న కోడలు మావయ్య లేవకముందే పిల్లని పక్కింట్లో దింపి వెళ్ళిపోవాలి. నీళ్ళు కాచి బకెట్లో పోసి వెళ్ళేది. వాటిలో చల్లవి కలపలేదు. ఆయన లేచేసరికి ఆ నీళ్ళు చల్లారతాయనుకుంది.

ఒక రోజు లాండ్రీకి త్వరగా వెళ్ళాలని మేస్త్రి మామూలు కంటే ముందే లేచాడు. బకెట్లో చెయ్యి ముంచాడు. సరే అనుకున్నాడు. స్టూలు మీద కూర్చుని, చెంబుతో కాళ్ళ మీద పోసుకోవడం మొదలుపెట్టాడు. అది అతని అలవాటు, ముందు కాళ్ళు కడిగి తర్వాత ఒళ్ళు. కాళ్ళు రెండూ ఎర్రగా అయ్యాయి. రక్తం బాగా ఆడుతోందని సంతోషించాడు. అంతలో లాండ్రీ తొందర గుర్తొచ్చి, ఒంటి మీద పోసుకోవడం మానేసి, కాళ్ళు తుడుచుకుని, మేజోళ్ళు తొడుక్కుని, బూట్లు వేసుకుని బయల్దేరాడు.

మధ్యాహ్నానికి మొదట చూసింది పెద్దక్క. తడినేల మీద అతని అడుగుల వెంట పసుపు నీరు మరకలు కడుతోంది.

"మేస్త్రీ, బూటులో ఏమైనా తొక్కావా?"

అతను అక్కడే బల్ల మీద కూర్చుని బూటు విప్పాడు. మేజోడు లాగాడు. దాంతోపాటు పాదం మీది తోలు కూడా వచ్చింది. యంత్రాల దగ్గరున్నవాళ్ళు అరవడానికి కూడా మర్చిపోయారు. అతను మాత్రం పక్కవాడి కాలు ఏదో తన ఒళ్ళోకి వచ్చినట్టు చూశాడు. మొహంలో నెప్పి లేదు. చిరాకు ఉంది.

ఆసుపత్రి పక్కనే. కొడుకు వ్యానులో ఎక్కించాడు, కోడలు వెంట వెళ్ళింది. డాక్టరమ్మ పాదాలు చూసింది. మరిగే నీళ్ళు ఎలా పడ్డాయని అడిగింది.

"ఏం పడలేదు. కాళ్ళు కడుక్కున్నాను. నీళ్ళు బాగానే ఉన్నాయి."

"బాగానే ఉంటే తోలెందుకు ఊడుతుంది?"

"నాకు నెప్పి లేదమ్మా. నెప్పి లేందే పుండు ఎక్కడిది? నాకు లేని మంట మీకెలా కనబడింది?"

డాక్టరమ్మ వాదించలేదు. కళ్ళు మూసుకోమంది. గుండుసూదితో పాదం గుచ్చింది. తర్వాత కుడి అరచెయ్యి గుచ్చింది. గుచ్చినప్పుడల్లా చెప్పమంది. అతను కళ్ళు మూసుకుని, ఇంకా మొదలుపెట్టలేదనుకుని ఓపిగ్గా కూర్చున్నాడు. చేతి మీద నెత్తుటి చుక్క నిలబడింది.

"షుగరు. ఎన్నేళ్ళ నుంచి ఉందో ఎవరికి తెలుసు. నరాలు చచ్చిపోయాయి," అంటూ చీటీ రాయడం మొదలుపెట్టింది. "ఏం పని చేస్తారు మీరు, ఈ చేత్తో?"

మేస్త్రి నోరు విప్పేలోపు కోడలు చెప్పింది. "మా నీళ్ళు చూస్తారు. కాలుతున్నాయో లేదో."

డాక్టరమ్మ కలం ఆగింది.

కోడలు లాండ్రీకి తిరిగి వచ్చేసరికి మొదటి తొట్టిలో పాదరసం ఎర్రగీత కిందికి దిగి ఉంది. ఆమె చెయ్యి పెట్టలేదు. చీర చెంగు బొడ్లో దోపుకుని తొట్టి గట్టు మీద కూర్చుంది. సంగతి విన్న మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పక్కన చేరారు. వార్డుల నుంచి దుప్పట్ల కోసం వచ్చిన ఆయాలు గుమ్మంలో నిలబడి గొణుగుతున్నారు. ఖాళీ వ్యాను ఎండలో ఉంది. మేనేజరు పరుగున వచ్చాడు. వెనకే, కట్లు కట్టిన పాదాలతో, ఇంటికి పొమ్మన్నా పోకుండా చెయ్యి మేస్త్రి.

"ఆయనకి ఒంట్లో బాగాలేదు, నిజమే," అన్నాడు మేనేజరు. "కానీ గీత ఉన్నది థర్మామీటరు మీద. థర్మామీటరుకి షుగరు రాదు కదమ్మా."

"గీత గీయించింది ఏ చేత్తో సార్?"

మేనేజరు ఆ మాట విననట్టు చేతులు చాచాడు. "సరే, చెరిపేద్దాం. మరి ఎవరి చెయ్యి పెట్టి గీద్దాం? పెద్దక్కకి కాలదు. నీకు కాలుతుంది. ఇంకొకరికి గోరువెచ్చగా ఉంటుంది. నీళ్ళు ఒకటే, మాటలు ఇన్ని. ఎవర్ని నమ్మమంటావు?"

ఈ ప్రశ్న తెలివైనదే. తెలివైనది కాబట్టే ప్రమాదం. మనుషుల అనుభవాలు వేరువేరు అని పెద్దమనుషులు ఒప్పుకునేది ఎవరి అనుభవాన్నీ లెక్కలోకి తీసుకోకుండా ఉండటానికే.

"ఏడ్చినట్టుంది," అన్నాడు మేస్త్రి. "పాదరసం దిగింది. పెట్టండి చేతులు." ఎవరూ కదలలేదు. కొడుకు వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పరా నీ పెళ్ళానికి. అదుగో గీత, అదుగో పాదరసం. కనబడట్లేదూ?"

కొడుకు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"చిన్నప్పుడే చెప్పాను కదా నాన్నా. నాకు కనబడదు."

ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రి మొహం నల్లబడింది. కొడుకుని వదిలి పెద్దక్కని పట్టుకున్నాడు. "నువ్వు పెట్టక్కా. నీ చెయ్యి సంగతి నాకు తెలుసు."

పెద్దక్క అలవాటు కొద్దీ రవికె చేతులు పైకి మడిచింది. కోడలు ఆమె దారికి అడ్డం వచ్చింది.

"అక్కా, పెడితే పెట్టు. ముందు డాక్టరమ్మ దగ్గరికి పోయి గుండుసూదితో ఒకసారి గుచ్చించుకురా. తగిలిందంటే నేనూ నీ వెనకే పెడతాను."

పెద్దక్క నిలబడిపోయింది. తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. ఇన్నాళ్ళూ పతకంలా చూపించుకు తిరిగిన చెయ్యి. బొటనవేలి గోటితో అరచేతి మధ్య నొక్కింది. మళ్ళీ, ఇంకాస్త గట్టిగా నొక్కింది. ఏం తెలిసిందో, ఏం తెలియలేదో ఎవరికీ చెప్పలేదు. మడిచిన రవికె చేతుల్ని కిందికి దించుకుని, వెనక్కి వెళ్ళి, చివర నిలబడ్డ కొత్తామెని భుజం పట్టుకుని ముందుకి తోసుకొచ్చింది. ఆమె ఆ నెలలోనే చేరింది. అంతకు ముందు ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బతికింది. వేళ్ళకి ఇంకా తోలుంది.

"ఎవర్ని నమ్మాలని కదా అడిగారు సార్," అంది పెద్దక్క. "దీన్ని నమ్మండి. మాలో ఎవరు ముందు చెయ్యి లాక్కుంటారో వాళ్ళని. దీనికి కాలనప్పుడు గీత గీయండి. అప్పుడు ఎవరికీ కాలదు."

"అలా అయితే రోజుకి సగం తొట్లు కూడా..."

"వార్డువాళ్ళు చూస్తున్నారు సార్," అంది కోడలు గుమ్మం వైపు చూపిస్తూ.

మేనేజరు గుమ్మం వైపు చూశాడు. తర్వాత మేస్త్రి మొల వైపు చూసి, చెయ్యి చాచాడు. తాళంచెవి ఇవ్వమని. మేస్త్రికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఇచ్చాడు. వాల్వు తిరిగింది. చల్లనీళ్ళు హోరుమంటూ పడ్డాయి. కొత్తామె వేలు పెట్టింది, తీసింది. కాసేపాగి మళ్ళీ పెట్టింది, తీసింది. మూడోసారి మోచెయ్యి దాకా ముంచి, "ఊఁ," అంది. కొత్త గీత పాతదానికి జానెడు కింద పడింది.

మేస్త్రి కట్ల కాళ్ళతో కుంటకుండా నడిచి వచ్చి, తొట్టిలో చెయ్యి పెట్టాడు. ఎవరూ అడగలేదు.

"చల్లగా ఉన్నాయి," అన్నాడు.

దుప్పట్లు లాగడం మొదలైంది. నిలబడ్డచోట అడ్డమని ఒకామె "కాస్త జరగండి," అంది.

అతనికి మడతల బల్ల దగ్గర కుర్చీ వేశారు. కోడలు అడిగితే ఇవ్వని బల్ల అదే. జాలిపడమని అడుగుతారేమో కొందరు. ఒక మనిషి నరాలు చావడం జబ్బు. దానికి మందుంది, ఆసుపత్రి ఇస్తోంది. తన నరానికి తగలనిది లోకంలో లేదనుకోవడం జబ్బు కాదు. అది అతను ఎంచుకున్నది, దాని మీద జీతం తీసుకున్నది. మణికట్టు దాకా తోలు ఊడి వెళ్ళిపోయిన ఆమె ఇప్పుడు ఎక్కడుందో, ఏం పని చేసుకుంటోందో అతను ఈనాటి దాకా అడగలేదు.

అత్త తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున్న బకెట్లో నీళ్ళు పోసి వరండాలో పెట్టింది. కోడలికి ఆ రోజు సెలవు. పిల్లని చంకనేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మేస్త్రి కట్టు తడవకుండా కుర్చీలోంచే వంగి చెయ్యి ముంచాడు.

"సరే, పోసుకోండి," అన్నాడు.

అత్త గేటు చప్పుడు కోసం ఆగలేదు. అతని కళ్ళెదుటే తొట్టెలోంచి చెంబు ముంచి బకెట్లో పోసింది.

"ఏంటది?"

"రోజూ చేసేదే."

"ఎప్పట్నుంచి?"

"కాపురానికొచ్చిన కొత్తల నుంచి." రెండో చెంబు పోసింది. "మీరు పోసుకునేవి కూడా."

అతను బకెట్ వైపు చూశాడు. తర్వాత తన పాదాల వైపు చూశాడు. "మరి ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదే?"

"చెబితే మళ్ళీ చెయ్యి పెట్టి చూసి, సరిగ్గానే ఉన్నాయనేవారు."

అతను మళ్ళీ నీళ్ళలోకి చెయ్యి చాచబోయాడు. కోడలు బకెట్‌ని కాలితో పక్కకి జరిపింది. పిల్లని కిందికి వంచి, దాని కాలి బొటనవేలిని నీళ్ళకి తగిలించింది. పిల్ల చటుక్కున కాలు పైకి లాక్కుంది.

అత్త ఇంకో చెంబు పోసింది.